గాయానికీ మేత కావాలి

ఇప్పుడు మా ఆవిడ పొట్ట మీద జానెడు పొడవున ఒక మచ్చ ఉంది. ఆసుపత్రి వాళ్ళు కాక దాన్ని చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. అది మచ్చ కాకముందు ఎంత లోతుండేదో కూడా నాకు తెలుసు. మొదట్లో దాని లోపల మూరెడు గాజుగుడ్డ పట్టేది. రోజూ పొద్దున తొమ్మిదింటికి ఆ గుడ్డ తీసి, కడిగి, కొత్తది పెట్టినవాణ్ణి నేనే. దాన్ని పూడనివ్వకుండా అన్ని వారాలు ఆపినవాణ్ణీ నేనే.

రెండేళ్ళు గడిచాయి కాబట్టి రాయగలుగుతున్నాను. రాయమన్నది కూడా ఆవిడే. "మీ తప్పు మీరే రాయండి. నేను రాస్తే మొగుడి మీద చాడీలు చెప్పినట్టుంటుంది" అంది. ఆవిడ పేరు సువార్త. మండవల్లి దగ్గర మా ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలు టీచరు. నాకు చేపల చెరువు తప్ప వేరే విద్య లేదు. కొల్లేట్లో గవర్నమెంటు వాళ్ళు చెరువు గట్లు కొట్టేసిన ఏడాది, అంటే 2006లో, మేం కౌలుకు చేస్తున్న చెరువు కూడా పోయింది. కాబట్టి ఆ వర్షాకాలం నేను ఇంట్లోనే ఉన్నాను. లేకపోతే ఆవిణ్ణి ఎవరు చూసుకునేవారో నాకు తెలియదు.

ఆగస్టు

మధ్యాహ్నం స్కూల్లో కడుపు నొప్పంటూ బల్ల మీద వాలిపోయింది. సాయంత్రానికి మనిషి మనిషిలా లేదు. జీపు మాట్లాడుకుని ఏలూరు తీసుకెళ్ళాను. వానలకు కొల్లేటి రోడ్డు మీద నీళ్ళు పారుతున్నాయి. గుడివాడ, హనుమాన్ జంక్షన్ మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాం. దారంతా నా చెయ్యి పట్టుకునే ఉంది. ఆసుపత్రిలో పరీక్ష చేసి, పేగుకు చిల్లు పడిందన్నారు, వెంటనే కొయ్యాలన్నారు. కాగితం మీద సంతకం పెట్టమంటే నా పేరు నాకే సరిగ్గా రాలేదు.

థియేటరు బయట వరండాలో నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. భీమడోలు నుంచి కోడలి పురిటికి వచ్చిన ముసలావిడ ఒకామె నన్ను చూసి, "కూర్చో నాయనా. నువ్వు నిలబడితే లోపల తొందరగా అవ్వదు" అంది. కూర్చున్నాను. తన గ్లాసులో టీ సగం నాకు పోసింది. తెల్లారేసరికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆమె పేరు అడగలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ అందరూ ఒకటే ప్రశ్న. "మీ ఆడవాళ్ళెవరూ రాలేదాండీ?" పక్క మంచం వాళ్ళు అడిగారు, మందుల కొట్టువాడు అడిగాడు, ఆఖరికి ఊడ్చే మనిషి కూడా అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయేది. "మంచం మీద ఉన్నది మా ఆడమనిషేనండి" అనేవాణ్ణి. నిజానికి రావలసిన మనిషి మా అమ్మాయి కరుణ. దాన్ని తాడేపల్లిగూడెం ఇచ్చాం, అప్పటికి ఐదో నెల. తొలి కానుపు, కంగారు పడకూడదని, చిన్న ఆపరేషనేనని చెప్పి ఊరుకోబెట్టాం.

ఎనిమిదో రోజు కుట్లు విప్పారు. తొమ్మిదో రోజు కుట్టు చోటంతా తెరుచుకుంది. చీము పట్టిందన్నారు. డాక్టరుగారు దాన్ని మళ్ళీ కుట్టలేదు. "ఇది పైనుంచి మూస్తే లాభం లేదండి. అడుగునుంచి మాంసం పూడుకుంటూ రావాలి. రోజూ శుభ్రం చేసి గుడ్డ పెడుతూ ఉండాలి" అన్నారు. రోజూ ఏలూరు రావడం కుదిరే పని కాదు. అందుకని రత్నం సిస్టరు నాకు నేర్పింది. పెద్ద వయసు మనిషి, గొంతు గట్టిది. మొదటిసారి ఆ గాయం చూసి నాకు కళ్ళు తిరిగాయి. "పడిపోయేటట్టుంటే ఇప్పుడే పడిపోండి, ఇంటికెళ్ళాక పడితే మిమ్మల్నెవరు లేపుతారండీ?" అంది సిస్టరు. సువార్త నవ్వింది. ఆ నవ్వు తరవాత నాలుగు నెలలు మళ్ళీ నవ్వు చూడలేదు నేను.

ఆ రోజుల్లోనే మా వదిన, అంటే సువార్త వాళ్ళక్క మరియమ్మగారు, తాడేపల్లిగూడెం నుంచి వచ్చింది. మాతోపాటే ఇంటికీ వచ్చి రెండు వారాలు ఉంది. దేవుడే పంపాడనుకున్నాను. ఆవిడ వంటింట్లోకి అడుగు పెట్టిన రోజునే పథ్యం చెప్పింది.

"మరిదిగారూ, జాగ్రత్తగా వినండి. కందిపప్పు చీము. గుడ్డు చీము. చేప, మాంసం మాట ఎత్తొద్దు. వంకాయ, గోంగూర దురద. పెట్టాల్సింది కారప్పొడి, బీరకాయ, పాత చింతకాయ పచ్చడి, మిరియాల చారు. అంతే."

"డాక్టరుగారు అన్నీ పెట్టమన్నారు కదా వదినా?"

"వాళ్ళు అలాగే అంటారండి. చీము పడితే తుడిచేది వాళ్ళా, మనమా?"

నిజమే కదా అనిపించింది. మా అమ్మ అలాగే చేసేది, వాళ్ళమ్మా అలాగే చేసింది. మా ఊళ్ళో ఏ గుమ్మంలో అడిగినా ఇదే చెబుతారు. వదిన మా మంచికే చెప్పింది, ఆవిణ్ణి నేనేమీ అనను. ఆవిడ చెప్పినదానికి మరో రెండింతలు చేసింది నేను.

సెప్టెంబరు, అక్టోబరు

వదిన వెళ్ళిపోయింది. కరుణను చూసుకోవడానికి అక్కడ మనిషి కావాలి. బస్సెక్కించి వచ్చేసరికి ఇల్లంతా బోసిపోయి ఉంది. వెళ్ళేటప్పుడు సంచిలోంచి కారప్పొడి సీసా తీసి నా చేతికిచ్చి, "దీన్ని నమ్ముకోండి" అంది. నమ్ముకున్నాను.

మూడో రోజు అనుకుంటాను. డ్రెస్సింగు అయ్యాక సువార్త నెమ్మదిగా అంది. "ఏవండీ, ఆకలేస్తోందండి. కాస్త ముద్దపప్పు వండరా? నెయ్యి లేకపోయినా ఫరవాలేదు."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. అప్పుడే అరగంట సేపు ఒంగుని ఆ గాయం కడిగాను, నడుం విరిగిపోతోంది. "మతుందా నీకు? పప్పు తిని మళ్ళీ చీము పట్టించుకుంటావా? నేను పొద్దున్నే లేచి చేసే ఈ చాకిరీ అంతా దేనికి? బతకాలని లేదా నీకు?" అని అరిచాను. పక్కింటికి కూడా వినపడి ఉంటుంది.

నా వైపు చూసింది. "సరేనండి" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ తరవాత ఆకలి అన్న మాట ఆవిడ నోట రాలేదు. ఆ మాటే కాదు, ఏ మాటా రాలేదు. నేను అడిగితే ఊఁ, లేకపోతే ఊహూఁ. జబ్బు మనిషి కదా, నీరసం అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పొద్దున ఐదింటికి లేచేవాణ్ణి. నీళ్ళు కాచి, కత్తెర ఉడకబెట్టి, చేతులు మోచేతుల దాకా తోముకునేవాణ్ణి. తొమ్మిదింటికి డ్రెస్సింగు. ఆవిడ గోడవైపు మొహం పెట్టి, చీర కొంగు నోట్లో కుక్కుకునేది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ ఒంటిని నేను అంత వెలుతురులో ఎన్నడూ చూడలేదు. ఆవిడకది సిగ్గో, బాధో, నా మీద కోపమో నాకు తెలిసేది కాదు. పని అయ్యాక, "అయిందా?" అనేది. "అయింది" అనేవాణ్ణి. కొన్ని రోజులు మా ఇంట్లో మాటలన్నీ కలిపితే ఆ రెండే.

ఆదివారం గుడి అయ్యాక సంఘం వాళ్ళు వచ్చేవారు. బ్రెడ్డు, బత్తాయిలు తెచ్చేవారు. పాస్టరుగారు ప్రార్థన చేసేవారు. ఆడవాళ్ళు సువార్త మంచం చుట్టూ కూర్చునేవారు. నేను వాకిట్లో కుర్చీలు వేసి, తీసి, మళ్ళీ వేసి, టీ కాచేవాణ్ణి. అంతమంది వచ్చినా నువ్వెలా ఉన్నావురా అని అడిగినవాడు లేడు. చెరువు మీద నాతో పనిచేసినవాళ్ళంతా తలో దిక్కూ వెళ్ళిపోయారు. వాళ్ళున్నా ఏం మాట్లాడతాను? పెళ్ళాం పొట్టలో ఇవాళ ఎన్ని వేళ్ళ లోతుందో చెప్పనా? సాయంత్రం పూట విరిగిన గట్టు దాకా నడిచి, కాసేపు నిలబడి, ఆవిడ లేచి ఉంటుందేమోనని భయంతో మళ్ళీ పరుగున వచ్చేవాణ్ణి. లేచి ఉన్నా గోడవైపే ఉండేది.

ఎదురింటి సుబ్బాయమ్మగారు మాత్రం రోజూ పొద్దున గోడ మీద రెండు కోడిగుడ్లు పెట్టేది. వాళ్ళు ఐదెకరాలు వరి చేస్తారు, ఇంట్లో కోళ్ళున్నాయి. "టీచరమ్మగారికి పెట్టండి బాబూ. మీరు కూడా ఏమైనా తింటున్నారా, లేదా?" అనేది. నన్ను గురించి అడిగింది ఆవిడొక్కతే. పథ్యం సంగతి చెబితే చిన్నబుచ్చుకుంటుందని, "అలాగేనండి" అని తీసుకునేవాణ్ణి.

ఆ గుడ్లు నేను తిన్నాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ రాయాలి. పారేస్తే పాపమని, రోగికి పెట్టకూడదని, రోజూ రెండు గుడ్లు అట్టేసుకుని వంటింట్లో నిలబడి తిన్నాను. ఆ వాసన ఆవిడ మంచం దాకా వెళ్ళేది. పక్కన కారప్పొడి కలిపిన అన్నం చల్లారుతూ ఉండేది.

గాయం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. చీము తగ్గింది కానీ మాంసం రావడం లేదు. అడుగంతా పాలిపోయి, తెల్లగా, నీళ్ళలో నానిన వేలులా ఉండేది. ఆవిడ చేతులు పుల్లల్లా అయ్యాయి. గాజులు మోచేతి దాకా జారేవి. మూరెడు గుడ్డ మూరెడుగానే పడుతోంది. దోషం నా చేతులదే అనుకున్నాను. ముప్పై ఏళ్ళు చేపలు పట్టిన చేతులు, నీచు వాసన ఎముకల్లోకి ఇంకిపోయిన చేతులు, వీటితో కడిగితే పుండు మానుతుందా అనుకున్నాను. ఎర్ర సబ్బుతో రోజుకు పదిసార్లు తోమితే చర్మం పగిలి రక్తం వచ్చింది. ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఎవరితో అంటాను?

అక్టోబరు చివర్లో ఏలూరు వెళితే డాక్టరుగారు తల అడ్డంగా ఊపారు. "ఇంకో నెల చూద్దామండి. అప్పటికీ మాంసం రాకపోతే మళ్ళీ థియేటర్లోకి తీసుకెళ్ళాలి" అన్నారు.

తిరుగు బస్సులో, కొల్లేటి రోడ్డు మీద, సువార్త కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "మళ్ళీ ఆ బల్ల నేనెక్కనండి."

"డాక్టరుగారు అన్నాక..."

"ఎక్కనండి. ఎలా ఉంటే అలా పోతాను. కరుణకి బిడ్డ పుట్టేదాకా ఉంటే చాలు."

రెండు నెలల్లో ఆవిడ మాట్లాడిన పొడుగు మాట అదే. ఆ మొండిది అన్న మాట ప్రకారం నడుచుకునే మనిషని నాకు తెలుసు. ఇక ఉన్నది నెల రోజులు, నా ఈ పాడు చేతులు, అంతే.

నవంబరు

మధ్యలో ఒకసారి చూపించుకోమన్నారని నవంబరు నెల మొదట్లో మళ్ళీ వెళ్ళాం. డాక్టరుగారు లేరు. సిమెంటు బల్ల మీద మూడు గంటలు కూర్చున్నాం, ఇద్దరి మధ్యా మందుల సంచి పెట్టుకుని. ఆఖరికి రత్నం సిస్టరు పిలిచింది. గుడ్డ తీసి చూసింది. నా చేతుల సంగతి ఇప్పుడు బయటపడుతుందనుకున్నాను.

"కడగడం బ్రహ్మాండంగా కడిగారండి. నాకన్నా శుభ్రంగా ఉంది" అంది. తరవాత సువార్త చెయ్యి పట్టుకుని చూసింది, కనురెప్ప కిందికి లాగి చూసింది. "ఏం పెడుతున్నారండీ ఈమెకి?"

నేను గొప్పగా చెప్పాను. కారప్పొడి, బీరకాయ, చింతకాయ పచ్చడి, చారు. పప్పు ముట్టనివ్వలేదన్నాను. గుడ్డు, చేప ఇంట్లో... అని ఆగాను. గుడ్డు ఇంట్లోకి రాలేదని అబద్ధం నోటిదాకా వచ్చింది.

సిస్టరు నా వైపు తిరిగింది. "మీరేం చేస్తారండీ?" అంది.

"చేపల చెరువండి. ఇప్పుడు లేదు."

"చేపలకి ఏం వేస్తారు?"

"తవుడు, వేరుశనగ చెక్క."

"వెయ్యకపోతే?"

"ఎదగవండి."

"మరి ఈ గుంట పూడాలంటే దేంతో పూడాలండీ? కారప్పొడితోనా?"

బస్తా తవుడుకు ఎంత చెక్క కలపాలో, చేపపిల్ల ఎంత బరువుంటే ఎంత మేత వెయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. రెండు రోజులు మేత ఆపితే చేప తల పెద్దదై ఒళ్ళు సన్నబడుతుందని నలుగురికి చెప్పినవాణ్ణి. నా ఎదురుగా మనిషి అలాగే అయిపోతుంటే చూస్తూ కూర్చున్నాను.

సిస్టరు సువార్త వైపు తిరిగింది. "మీరు టీచరుగారు కదమ్మా, పిల్లలకి చెబుతారు కదా. మీకు తెలియదా?"

"తెలుసండి" అంది సువార్త, పైకప్పు చూస్తూ.

బయట బల్ల మీదికొచ్చి కూర్చున్నాం. "తెలిసీ ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్పానండి" అంది. గొంతులో కోపం కూడా లేదు. "మూడుసార్లు."

ఒకటి నాకు గుర్తుంది, పప్పు అడిగిన రోజు. రెండోది ఆ రోజంతా ఆలోచిస్తే గుర్తొచ్చింది. నేను వంటింట్లో అట్టు వేసుకుంటుంటే, "ఆ వాసన ఎంత బాగుందండీ" అంది. "పడుకో" అన్నాను. మూడోది ఈ రోజుకీ గుర్తు రాలేదు. ఆవిణ్ణి అడిగే ధైర్యం నాకు లేదు.

ఆ సాయంత్రమే పప్పు వండాను. ఏడుస్తూ వండాను, ఎందుకు దాచాలి? రెండు గుడ్లు ఉడకబెట్టాను. పెట్టిందంతా తిన్నది. మర్నాటి నుంచి పొద్దున గుడ్లు, మధ్యాహ్నం పప్పు, సాయంత్రం పాలు, రెండు రోజులకోసారి కొర్రమేను పులుసు. సుబ్బాయమ్మగారికి మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. మర్నాడు గోడ మీద నాలుగు గుడ్లున్నాయి. "రెండు మీకండి" అంది.

పన్నెండో రోజున గుడ్డ తీస్తే అడుగున అక్కడక్కడ ఎర్రగా, దానిమ్మ గింజల్లా కనపడింది. రక్తమేమో అనుకున్నాను. తుడిస్తే పోలేదు. మాంసం! ఎవరితోనైనా చెప్పాలనిపించి చుట్టూ చూశాను. ఆవిడ గోడవైపు తిరిగి ఉంది. "వస్తోంది" అన్నాను. "ఊఁ" అంది.

నెలాఖరుకు మూరెడు గుడ్డ జానెడైంది. డాక్టరుగారు చూసి ఆపరేషను మాట మానేశారు. ఆ బల్ల ఎక్కనక్కరలేదని తెలిసినప్పుడు కూడా ఆవిడ తల ఊపిందంతే. పెడితే తింటోంది, ఇది కావాలని మాత్రం అడగదు. ఇంటికొచ్చిన చుట్టానికి పెట్టినట్టే ఉండేది నాకు. గాయం లోతు వేలితో కొలుచుకోగలను, ఈ మౌనం ఎంత లోతుందో నాకు తెలిసే దారి లేదు. తప్పైపోయింది అని ఒకసారి అన్నాను. "ఫరవాలేదండి" అంది. ఆ మాట విన్నాక ఇంకా ఒంటరిగా అనిపించింది.

డిసెంబరు

రెండో వారానికి గుడ్డ వేలెడు పడుతోంది. ఆవిడ గోడ పట్టుకుని నడుస్తోంది. ఒక పొద్దున నేను వంటింట్లో పప్పు పొయ్యి మీద పెడుతుండగా ఫోను మోగింది. సువార్తే నెమ్మదిగా నడిచి వెళ్ళి ఎత్తింది. తాడేపల్లిగూడెం నుంచి వదిన. ముందురోజు కరుణకు కానుపు కష్టమై ఆపరేషను చేశారట. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం.

సువార్త గోడకానుకుని కళ్ళు తుడుచుకుంది. పాప ఎవరి పోలిక, ఎంత బరువు, అన్నీ అడిగింది. తరవాత, "దానికేం పెడుతున్నావక్కా?" అంది.

అవతల వదిన చెబుతోంది. నాకు వినపడటం లేదు కానీ ప్రతి మాటా తెలుసు. గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"ఆ కారప్పొడి అవతల పెట్టక్కా" అంది సువార్త. ఒక్కసారిగా గొంతు లేచింది. నలభై మంది పిల్లల్ని కూర్చోబెట్టే గొంతు అది. నేను ఆగస్టు నుంచి వినలేదు. "అవతల పెట్టమంటున్నాను! పప్పు పెట్టు, గుడ్డు పెట్టు, చేప పులుసు పెట్టు. దానికి పొట్ట కోశారక్కా. దేంతో పూడుతుంది?... నాకు తెలుసు, నువ్వు మంచికే చెప్పావు. ఈయనా మంచికే చేశారు. నాకు ఆకలేసిందక్కా. అడిగితే తిట్లు తిన్నాను. ఆకలని మొగుణ్ణి అడిగి తిట్లు తినడం ఎలా ఉంటుందో నీకు తెలియదు. దాని చేత అడిగించొద్దు. అదడక్కముందే పెట్టు."

ఫోను పెట్టేసింది. అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చుంది. ఆయాసపడుతోంది, మొహం ఎర్రబడింది. నేను గుమ్మంలో ఉన్నానని అప్పుడు చూసింది. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. నేను తల దించుకున్నాను. ఏమన్నా నోరెత్తకుండా పడాలనుకున్నాను.

"ఏవండీ" అంది.

"ఊఁ."

"ఆకలేస్తోందండి."

పప్పు ఇంకా ఉడకలేదు. పెనం పెట్టి రెండు గుడ్లు కొట్టాను. తొందరలో ఒకటి సగం పొయ్యి మీద పడింది.

"ఫరవాలేదు, ఉన్నది పెట్టండి" అంది సువార్త. "ఉప్పు మాత్రం సరిగ్గా వెయ్యండి. నెలరోజులుగా మీరు చేసేవన్నీ చప్పగా ఉంటున్నాయి."